చెరువు లెక్కతో సముద్రానికి

సముద్రం చూసి వచ్చి నెల దాటింది. చిట్యాలలో మా వైండింగ్ షాపుకు కాలిన మోటరు మోసుకొచ్చేవాళ్ళు ఇప్పుడు మోటరు సంగతి తర్వాత అడుగుతున్నారు. "అన్నా, పిల్లల్ని తీస్కపోదామనుకుంటున్నం. ఏ బీచి మంచిగుంటది? ఏడ దిగితె ఫికర్ లేదు?" అన్నదే ముందు మాట. నేను గొంతు సవరించుకుని మొదలుపెడతాను. రెండు మాటలు చెప్పేసరికి మూడోది మొదటిదాన్ని కొట్టేస్తుంది. వచ్చినవాడు నా మొహం వింతగా చూసి, మోటరు ఎప్పటికిస్తవో అది చెప్పు చాలు అంటాడు. కాగితం మీద పెడితే అయినా ఒక దారికి వస్తుందేమోనని ఇదంతా రాస్తున్నాను.

నీళ్ళ విషయంలో నేను ఊరికే మాట్లాడే మనిషిని కాను. ఇరవై ఐదేళ్ళ నుంచి బావుల్లో దిగి పంపుసెట్టు పైపులు బిగించడం, బోర్లలో జారిపోయిన మోటర్లు పైకి తీయడం నా బతుకుదెరువు. మా చుట్టుపక్కల ఏ బావి ఎంత లోతో, ఏ చెరువులో తూము ఎటు గుంజుతుందో చీకట్లో అడిగినా చెప్తాను. రామన్నపేట దారిలో ఉన్న బావుల్లో ఎండాకాలం సెలవులకు పిల్లల వీపుకు బెండు కట్టి ఈత నేర్పాను. ఎంతమందికి నేర్పానో నాకే గుర్తు లేదు. మా బిడ్డ శ్రావణికి మాత్రం నేర్పలేదు.

నేర్పనివ్వలేదు మా ఆవిడ పద్మ. ఆమెది దేవరకొండ అవతల ఒక మెట్ట పల్లె. ఆమె తమ్ముడు సైదులు అక్కడి బావుల్లో తలకిందులుగా దూకి, అడుగు నుంచి మన్ను తెచ్చి గట్టు మీదివాళ్ళకు చూపించేవాడు. మా పెళ్ళయిన మూడో ఏడు మిర్యాలగూడ వైపు వరి కోతలకు పోయాడు. పని అయిపోయాక సాగర్ ఎడమ కాలువలో స్నానానికి దిగాడు. వద్దన్నవాళ్ళతో "నాకు తెల్సు నీళ్ల సంగతి" అన్నాడట. రెండు రోజులకు దొరికాడు. ఆ తర్వాత పుట్టింది శ్రావణి. పద్మ దాన్ని బావి గట్టు ఎక్కనివ్వలేదు, చెరువు కట్ట మీద నడవనివ్వలేదు. ఈత నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్నా, మా బిడ్డకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా బకెట్టు నీళ్ళు తప్ప వేరే నీళ్ళు తెలియవు.

ఇంటరు మంచి మార్కులతో పాసయింది. ఏం కావాలంటే అది కొనిస్తానన్నాను. "ఏం కొనియ్యకు బాపు. ఒక్కసారి సముద్రంల దిగుత. ఒక్కటే సారి" అంది. పద్మ వారం రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు అన్నం పెడుతూ తనే అన్నది. "జాగ నువ్వు చూడు. ముందుగాల నువ్వు దిగి చూడు. ఫికర్ లేదని నీ నోటితోని చెప్తెనే పిల్ల దిగుతది. చెప్పకుంటె ఒడ్డు మీదకెల్లి చూసి వచ్చుడే."

మంచి తీరం ఒకటి ఎంచడం నా పని అయింది. అదేం పెద్ద పని అనుకున్నాను.

మిర్యాలగూడ దాటేదాకా

నల్లగొండలో రైలెక్కాం. జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం, పల్లి పొడి కట్టుకున్నాం. ఐదు లీటర్ల డబ్బా నిండా ఫిల్టరు నీళ్ళు కూడా మోశాను. ఎక్కడికి పోయినా నీళ్ళు మోసుకుపోవడం మా నల్లగొండ వాళ్ళకు చిన్నప్పటి నుంచి అలవాటు. మా ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి పళ్ళు పచ్చబడి, నడుములు వంగినవాళ్ళను చూసి పెరిగాం. సముద్రానికి పోతూ నీళ్ళ డబ్బా ఏందని ఎదురు సీటాయన నవ్వితే, మీ సముద్రం తాగనిస్తదా అన్నాను. ఆయన మళ్ళీ నవ్వలేదు.

మిర్యాలగూడ దగ్గర పచ్చటి మళ్ళు మొదలయ్యాయి. మా వైపు పత్తి చేలు చూసిన కళ్ళకు ఆ పచ్చదనం బాగుంది. శ్రావణి కిటికీకి ఆనుకుని ఫోటోలు తీస్తోంది. పద్మ మాత్రం కొంగు మొహం మీదికి లాక్కుని నిద్రపోతున్నట్టు కూర్చుంది. కాలువలు దాటి, కృష్ణ మీది వంతెన కూడా దాటాక గానీ కొంగు తీయలేదు. కాలువ పోయింది అని నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు. డబ్బా చూసి నవ్వినాయన చీరాలలో చేనేత చీరల వ్యాపారి. రెండో ఆయన బాపట్లలో పంతులుగా చేసి రిటైరైన పెద్దమనిషి. మేం ఎందుకు పోతున్నామో వినగానే ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"వాడరేవు వెళ్ళండి. మా ఊరికి దగ్గర. చిన్నప్పటి నుంచీ అక్కడే కదా మేం మునిగింది" అన్నాడు చీరలాయన.

"అక్కడ పడవలు, వలలు, లంగరు తాళ్ళు. పిల్ల కాలికి చుట్టుకుంటే ఏం చేస్తారు? సూర్యలంక రండి. ఎంత లోపలికి వెళ్ళినా మోకాలి లోతే" అన్నాడు పంతులు.

"మోకాలి లోతైతే ప్రతి ఏడూ అన్నన్ని బోర్డులు ఎందుకు పెడుతున్నారండీ?"

"దిగేవాళ్ళు మీలాంటి మొండివాళ్ళు కాబట్టి."

నేను సంచిలోంచి షాపు బిల్లు పుస్తకం తీసి, వెనక అట్ట మీద రెండు పేర్లు రాసుకున్నాను. వాడరేవు ఎదురుగా ఒక టిక్కు, ఒక ఇంటూ పడ్డాయి. సూర్యలంక ఎదురుగా కూడా ఒక టిక్కు, ఒక ఇంటూ పడ్డాయి.

చీరాలలో నాలుగు చట్నీలు

బస్టాండు దగ్గర లాడ్జిలో గది కిరాయి రోజుకు పన్నెండు వందలు. మర్నాడు పొద్దున టిఫిను తిందామని పక్క హోటలుకు పోతే ప్లేటులో రెండు ఇడ్లీలు, చుట్టూ నాలుగు చట్నీలు. మా దగ్గర పల్లి చట్నీ ఒక్కటి పోస్తే అదే గొప్ప. ఇక్కడ అల్లం పచ్చడి, కొబ్బరి, ఎర్ర కారం, ఇంకోటేదో పేరు తెలియనిది. ఏది దేనిలో ముంచాలో అర్థం కాక నేను అన్నీ కలిపేశాను. సర్వర్ చూసి, "మీది తెలంగాణానా అండీ?" అన్నాడు. మాట్లాడకుండానే ఎలా పట్టాడో తెలియలేదు. కారం మాత్రం మాకంటే రెండాకులు ఎక్కువే, శ్రావణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లాడ్జి మేనేజరును అడిగితే రామాపురం పొమ్మన్నాడు. రిసార్టులన్నీ అక్కడే కట్టారంటే ఊరికే కడతారా అన్నాడు. గదులు ఊడ్చే ఆమె చీపురు ఆపి, "ఆ రామాపురం వద్దమ్మా, పైకి బాగుంటది, లోపల గుంటలు" అంది. మేనేజరు ఆమెను కసిరాడు. ఆమె పోతూ పోతూ పద్మ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. శ్రావణి ఫోన్లో ఆ బీచి గురించి జనం రాసినవి చదివి వినిపించింది. ఒకడు అయిదు చుక్కలిచ్చి 'స్వర్గం' అన్నాడు. దాని కిందే ఇంకొకడు ఒక్క చుక్కిచ్చి 'పిల్లలతో రాకండి' అన్నాడు. ఇద్దరూ పోయింది ఒకే చోటుకు, ఒకే నెలలో.

"బాపు, నువ్వయితె ఏదంటవ్?" అంది.

"చూస్తె తెలుస్తది. నీళ్లు చూస్తె నాకు తెలుస్తది" అన్నాను. పద్మ నన్ను ఒకసారి చూసి చెప్పులు వేసుకుంది.

వాడరేవు

నిజం రాస్తున్నాను, నవ్వకండి. మొదటిసారి సముద్రం కనిపించగానే నా కళ్ళు అవతలి కట్ట కోసం వెతికాయి. ఎన్ని నీళ్ళున్నా ఎక్కడో కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. ఇక్కడ ఏదీ లేదు. శ్రావణి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నాలుగు వందల అడుగుల బోరు వేసి బొట్టు నీళ్ళు పడక అప్పు పాలైనవాళ్ళ మోటర్లు బాగు చేసి బతికే మనిషిని నేను. ఇన్ని నీళ్ళు ఎవరికీ పనికిరాకుండా ఒడ్డుకు వచ్చి వెనక్కి పోతుంటే నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

పద్మ సముద్రానికి వీపు పెట్టి ఒక పడవ నీడన కూర్చుంది. నేను ప్యాంటు మడిచి నీళ్ళ పరీక్ష మొదలుపెట్టాను. మా చెరువుల దగ్గర ఒక లెక్క ఉంది, నేను వందమంది పిల్లలకు చెప్పిన లెక్క. నీళ్ళు కదులుతున్నాయంటే దగ్గరలో తూమో, తెగిన గట్టో ఉన్నట్టు. అటు పోవద్దు. నీళ్ళు కదలకుండా నిలబడ్డ చోట దిగాలి. ఈ లెక్క ఎన్నడూ తప్పలేదు. సైదులును తీసుకుపోయింది కూడా కదిలే కాలువ నీళ్ళే కదా.

ఆ లెక్కతో చూస్తే వాడరేవులో అడుగు పెట్టే జాగా లేదు. ప్రతి గజమూ కదులుతోంది. చాయ్ అమ్మే అతను దీపస్తంభం వైపు దిగమన్నాడు. సోడా అమ్మే అతను అటు తప్ప ఎటైనా దిగమన్నాడు. ఒక లంగరు తాడు నా కాలికే తగిలి బోర్లా పడ్డాను. లేచి పుస్తకంలో ఇంకో ఇంటూ వేశాను.

మధ్యాహ్నం ఒడ్డు మీది పాకలో చేప వేపుడు తిన్నాం. మా సంతలో చెరువు చేప కిలోకు అయ్యే పైసలు ఇక్కడ రెండు ముక్కలకు ఇచ్చాం. రుచి మాత్రం ఊరికి పోయాక కూడా నోట్లో ఉంది. వండిన ఆమె పద్మను, "సముద్రానికి వచ్చి అటు తిరిగి కూకున్నావేంటమ్మా?" అని అడిగింది. ఎండ కొడుతోందని పద్మ చెప్పింది. ఎండ అప్పుడు మా నడినెత్తి మీద ఉంది.

రామాపురంలో పోయిన రొట్టెలు

సాయంత్రం రామాపురం పోయాం. ఇసుక శుభ్రంగా ఉంది, జనం తక్కువ, అలలు కూడా కొంచెం మెత్తగానే వస్తున్నాయి. అక్కడే తేల్చేద్దామనుకున్నాను. సంచి, నీళ్ళ డబ్బా, చెప్పులు నీళ్ళకు చాలా దూరంగా పొడి ఇసుకలో పెట్టి ఒడ్డు పొడుగునా నడిచాం. లోతు ఎక్కడెక్కడ ఎంతుందో చూడాలని నా ఆరాటం. ఊడ్చే ఆమె చెప్పిన గుంటలు ఉన్నాయా లేవా అని అడుగడుగునా కాలితో పొడిచి చూశాను.

తిరిగి వచ్చేసరికి పొడి ఇసుక లేదు. మా సంచి నీళ్ళలో తేలుతోంది. జొన్న రొట్టెలు ఉప్పు నీళ్ళు తాగి పిండయ్యాయి, నా చెప్పు ఒకటి పోయింది. రిసార్టు వాచ్‌మన్ చూసి, "పోటు వచ్చిందండీ, మీకు తెలియదా?" అన్నాడు. ఎట్లా తెలుస్తుంది? మా చెరువు వానాకాలం నిండుతుంది, ఎండాకాలం ఎండుతుంది. రోజుకు రెండుసార్లు ఒడ్డు మార్చుకునే నీళ్ళను నేను ఎక్కడ చూశాను?

"పొద్దుగాల మోకాలి లోతున్న జాగ మాపటికి ఎంత లోతుంటది?" పద్మ నెమ్మదిగా అడిగింది.

వాచ్‌మన్‌ను చూశాను. అతను సముద్రాన్ని చూశాడు. నేను కొలిచిన లోతులన్నీ ఆ పూటకే పనికిరాకుండా పోయాయి. ఒంటి చెప్పుతో లాడ్జికి చేరాను.

సూర్యలంక

రెండో రోజు ఆటో మాట్లాడుకుని సూర్యలంక పోయాం. జాతరకు వచ్చినంత జనం. సగం మంది హైదరాబాదు వాళ్ళే, మా మాట అక్కడ వినబడితే ప్రాణం లేచి వచ్చింది. మొక్కజొన్న కంకులు, గుర్రం సవారీ, మామిడి ముక్కల మీద ఉప్పు కారం. పంతులు చెప్పింది సగం నిజమే, నీళ్ళు చాలా దూరం వరకు లోతు లేవు. కానీ అలలు మనిషి నడుమెత్తు లేచి తెల్లగా విరుగుతున్నాయి. నా ముందే ఒక లావుపాటి పెద్దమనిషి దబ్బున పడి, ముక్కులోంచి నీళ్ళు కారుతూ లేచాడు. లేచి నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

ఈల పట్టుకున్న కానిస్టేబులు ఒకాయన ఒడ్డున తిరుగుతున్నాడు. ఆయనను నిలబెట్టి అడిగాను.

"సార్, మా పిల్లకు ఈత రాదు. ఏడ దిగితె భయం లేదు?"

"అదుగో, అల విరుగుతుంది చూశారా, జనం ఉన్నారే, అక్కడ. మోకాలు దాటమాకండి. అలల్లేని చోటికి మాత్రం అసలు వెళ్ళమాకండి."

ఆయన తడబడి తిరగేసి చెప్పాడనుకున్నాను. పొద్దుటి నుంచి ఎండలో ఈల ఊది ఊది అలిసిపోయి ఉంటాడని నాకు జాలి కూడా కలిగింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పి, లోపలికి పోతున్న కుర్రాళ్ళ మీద ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

శ్రావణి నీళ్ళ అంచున నిలబడి ఉంది. అల వచ్చి దాని మడమలు తడిపి పోతోంది. నా వైపు తిరిగి చూసింది. పద్మ దూరంగా కొంగు కప్పుకుని కూర్చున్నది, ఆమె కూడా మెడ మాత్రం తిప్పి నన్నే చూసింది. ఒక్క మాట చెప్పాలి. అంత తెల్లటి అలల్లోకి నా బిడ్డను పంపమని ఇరవై ఐదేళ్ళ నా బుద్ధి ఒప్పుకోలేదు.

"ఈడ కాదు బిడ్డా" అన్నాను.

శ్రావణి వెనక్కి వచ్చి చెప్పులు వేసుకుంది. ఆటోలో ఒక మూల కూర్చుని దారంతా బయటికే చూసింది. మర్నాడు మధ్యాహ్నం మా రైలు. నా మీద నాకే చిరాకు వేసింది. అందరూ నవ్వుతూ మునిగి లేస్తుంటే, ఈత నేర్పే తండ్రి బిడ్డను మాత్రం పొడి బట్టలతో వెనక్కి తెచ్చాడు. బిల్లు పుస్తకం అట్ట మీద మూడు పేర్లు, చుట్టూ టిక్కులు, ఇంటూలు. ఎవరు ఏది చెప్పగా ఏది వేశానో నాకే తెలియడం లేదు.

పేరు రాయని పాలెం

మూడో రోజు పొద్దున ఆటో అతనే ఒక మాట చెప్పాడు. "ఎవరూ రాని పాలెం ఒకటి ఉందండీ, చేపలోళ్ళుంటారు. చూస్తారా?" ఆ పాలెం పేరు రాయను. రాస్తే మీలో ఎవరైనా నేను దిగిన చోటే దిగుతారేమోనని భయం.

ఇసుక మీద చిన్న చేపలు ఎండబెట్టి ఉన్నాయి. ఒక పెద్దామె చేత్తో వాటిని తిరగేస్తోంది. పేరు నాగరత్నం అని తర్వాత తెలిసింది. నేను నీళ్ళ వైపు చూశాను, ఒక్కసారి నా ప్రాణం కుదుటపడింది. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో మాత్రం ఒక మడి వెడల్పున నీళ్ళు నల్లగా, నిలకడగా ఉన్నాయి. అల లేదు, నురగ లేదు. అచ్చం మా చెరువే.

"పద్మా! ఇగో, ఇది జాగ! ఇన్ని దినాలు దీనికోసమే తిరిగిన" అని కేకేశాను. "చూడు, ఎంత సప్పుడు లేకుండ ఉన్నయో నీళ్లు. నేను దిగి వస్త, ఎనుక మీరు దిగుండ్రి."

నాగరత్నం చేపలు వదిలేసి లేచింది. "అయ్యా, అక్కడొద్దు! అది లాగుద్ది! ఈ పక్క దిగు, అల ఉన్నకాడ!"

"పెద్దమ్మా, మాది నల్లగొండ. బాయిల పుట్టి బాయిల పెరిగినోన్ని. నాకు తెల్సు నీళ్ల సంగతి" అన్నాను. అన్నాక పద్మ మొహం చూసి ఉంటే బాగుండేది. చూడలేదు.

మోకాళ్ళ దాకా హాయిగా ఉంది. ఒక్క అల తగల్లేదు. నడుము దాకా వచ్చాక కాళ్ళ కింద ఇసుక జారడం మొదలైంది. ఏదో మెత్తగా నడుము పట్టుకుని తీసుకుపోతున్నట్టు ఉంది, లాగినట్టు కూడా లేదు. కాళ్ళు నేలను వదిలాయి. వెనక్కి తిరిగి చూస్తే పద్మా, శ్రావణీ చాలా చిన్నగా కనిపించారు.

ఒడ్డు వైపు ఈదాను. బావిలో అయితే నాలుగు బారలకు గట్టు అందుతుంది. నలభై బారలు వేశాను, ఒడ్డు ఉన్న చోటే ఉంది. ఇంకా గట్టిగా ఈదాను, అది ఇంకా దూరమైంది. జబ్బలు బండలయ్యాయి. ఉప్పు నీళ్ళు గొంతులో పోయాయి. అప్పుడు నాకు సైదులు గుర్తొచ్చాడు. వాడు కూడా ఇట్లాగే గట్టునే చూస్తూ ఈదాడేమో అనిపించి ఏడుపు వచ్చింది.

ఒడ్డున నాగరత్నం రెండు చేతులూ పక్కకు ఊపుతోంది. మాట వినబడడం లేదు. ఒడ్డుకు రమ్మనడం లేదు, పక్కకు పొమ్మంటోంది. సముద్రంలో పక్కకు ఎందుకు పోవాలో నాకు అర్థం కాలేదు. కానీ నాకు తెలిసింది ఏదీ పని చేయడం లేదు కాబట్టి ఆమె చెప్పినట్టే చేశాను. ఒడ్డు సంగతి వదిలేసి పక్కకు, అలలు తెల్లగా విరిగే వైపు ఈదాను. కొంత దూరం పోయాక ఆ మెత్తటి పట్టు వదిలింది. ఒక అల వెనక నుంచి వచ్చి నన్ను ఎత్తి, దొర్లించి, నోటి నిండా ఇసుకతో ఒడ్డున పడేసింది. మూడు రోజులు ఏ అలలను చూసి భయపడ్డానో అవే నన్ను బయట పడేశాయి. నడుముకు చుట్టుకున్న తువ్వాలును సముద్రం ఉంచుకుంది. నిక్కరు మిగిలింది.

నేను ఒడ్డుకు పడిన చోటు మావాళ్ళకు నాలుగు కరెంటు స్తంభాల దూరం. నడిచి వస్తుంటే చూశాను, పద్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. చీరంతా తడిసి కాళ్ళకు చుట్టుకుంది. శ్రావణి ఆమె నడుము రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతోంది. కేకలు వేసి వేసి పద్మ గొంతు పోయింది.

తిట్టలేదు. కొట్టినా పడేవాణ్ణి. నా దగ్గరికి వచ్చి, తన కొంగుతోనే నా మొహం మీది ఇసుక తుడిచింది.

"చెప్పు" అంది. "ఇప్పుడు చెప్పు. పిల్ల దిగొచ్చా?"

మా ఇద్దరి వెనక శ్రావణి నిలబడి ఉంది. పోదాం పా అమ్మా, వద్దు, అంటోంది. దిగొచ్చని చెప్పడానికి నాకు ధైర్యం లేదు. వద్దని చెప్పి, చెరువు కట్ట మీద నుంచి తరిమినట్టే దాన్ని ఇక్కడి నుంచి కూడా తరమడానికి మనసొప్పలేదు.

"నాకు తెల్వది పద్మా" అన్నాను. "నాకేం తెల్వది. నేను చూసిన నీళ్లు వేరె, ఇవి వేరె."

ఇక చీర పిండుకుని, ఆటో ఎక్కుతుందనుకున్నాను. ఆమె నన్ను దాటుకుని నాగరత్నం దగ్గరికి పోయింది.

"అవ్వా, నువ్వు చెప్పు. మా పిల్ల సముద్రంల దిగాల్నని వచ్చింది. ఏడ దిగాలె?"

నాగరత్నం శ్రావణిని కిందికీ మీదికీ చూసింది. నీళ్ళను చూసింది. నన్ను చూడనే లేదు. "అల విరిగే కాడ నీళ్ళు ఒడ్డుకి వస్తాయమ్మా. అల లేని కాడ వచ్చిన నీళ్ళన్నీ ఎనక్కి పోతాయి. అదే లాగుడు. పొద్దున్నే లేచి అది ఎక్కడుందో చూసుకునే మావోళ్ళు దిగేది. నిన్న ఉన్నకాడ ఇయ్యాల ఉండదు." ఆ ఒక్క మాటతో నా బిల్లు పుస్తకం అట్ట చెత్తయింది. "రండి. మోకాలు దాటితే జుట్టు పట్టి లాక్కొస్తా. ఇష్టమేనా?"

"ఇష్టమే" అంది పద్మ.

నాగరత్నం ఒక చెయ్యి, పద్మ ఒక చెయ్యి పట్టుకున్నారు. మధ్యలో శ్రావణి. అలలు తెల్లగా విరిగే చోటే దిగారు. నన్ను ఎవరూ పిలవలేదు, నేనే వెనక పోయి నిలబడ్డాను. మొదటి అలకు శ్రావణి కెవ్వుమంది. రెండో అలకు కూలబడింది. పద్మ దాన్ని లేపబోయి తనూ కూలబడింది. ఇద్దరూ నీళ్ళలో కూర్చుని, నెత్తి మీది నురగ తుడుచుకుంటూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు నవ్వింది పద్మ. సూర్యలంకలో ఆ లావుపాటాయన ఎందుకు నవ్వాడో కొంచెం కొంచెం తెలిసింది. ఆ నవ్వు నవ్వుగానే ఉండి, ఎప్పుడో ఏడుపైంది. శ్రావణి అది చూసి అమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది.

"నాకు తెల్సు అన్నడు మా తమ్ముడు" అంది పద్మ, అలల చప్పుడులో నాకు వినబడేట్టు గట్టిగా. "గన్నిసార్లు నువ్వు గూడ గదే అన్నవ్. గందుకే ఇన్నేండ్లు పిల్లను నీతోని పంపలే. ఇయ్యాల తెల్వదన్నవ్. గా మాట సైదులు ఒక్కసారి అంటె ఎంత బాగుండు."

ఇరవై రెండేళ్ళ కాపురం తర్వాత విన్న ఆ మాట మెప్పో, తిట్టో నాకు ఇప్పటికీ తేలలేదు. జవాబు చెప్పబోతే నోట్లోకి అల కొట్టింది.

ఎండ ఎక్కింది. నాగరత్నం చేపలు మాడుతున్నాయని ఒడ్డుకు బయలుదేరి, మమ్మల్ని కూడా రమ్మంది. ఆటో అతను దూరం నుంచి రైలు టైమైందని చెయ్యి ఊపుతున్నాడు. శ్రావణి తడి జుట్టు మొహం మీద నుంచి తోసుకుని, చిన్నప్పుడు అన్నిటికీ అడిగినట్టే నన్ను అడిగింది.

"బాపు, ఇంకొక్కటి. ఒక్కటే అల. ఉండాల్నా?"

"నన్నడగకు బిడ్డా" అన్నాను. "మీ అమ్మనడుగు."